పదిహేనేళ్ల తర్వాతి జీవితం కళ్లకు కడుతుందా?

"పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాతి జీవితం మీకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుందా, ఎలా ఊహించుకుంటారు" అని అడిగారు కదా. నాకైతే కనిపించదు. ఊహించుకోబోతే వచ్చేదంతా పాత సామానే, అదే కాస్త అటూ ఇటూ సర్దుకుని వస్తుంది. ఈ సంగతి నాకు పోస్టాఫీసులో తెలిసింది.

2017లో మా పాపకు ఏడు నెలలప్పుడు సుకన్య సమృద్ధి ఖాతా తెరిచాను. పదిహేనేళ్లు డబ్బు కట్టాలి, తెరిచిన రోజు నుంచి 21 ఏళ్లకు గడువు తీరుతుంది. కౌంటర్లో ఆయన పాస్‌బుక్ లోపల నీలం ఇంకుతో 2038 అని రాసిచ్చారు. బస్సులో ఇంటికి వస్తూ ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను. అప్పటికి పిల్లకు ఇరవై ఒకటి దాటతాయి, ఎలా ఉంటుందా అని ఎంత ఆలోచించినా ఒళ్లో నిద్రపోతున్న ఆ ముఖమే పెద్ద ఒంటికి అతికించినట్టు వచ్చింది తప్ప వేరే ముఖం రాలేదు. చదువు ఖర్చు లెక్కేసుకున్నదీ ఆ ఏడాది ఫీజులతోనే. ఇప్పుడు దానికి ఎనిమిదేళ్లు, పైపళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయి. ఈమధ్య మళ్లీ ఊహించుకుంటే 2038లో కూడా ఆ పంటి సందు అలాగే ఉంది!

మా నాన్నదీ ఇదే కథ. 1988లో చెల్లి పుట్టిన ఏడాది పొలం గట్టు మీద నలభై టేకు మొక్కలు పెట్టాడు, పెళ్లినాటికి కొట్టి అమ్మొచ్చని. తన అక్క పెళ్లికి తాతయ్య చింతచెట్లు అమ్మడం చూశాడు కాబట్టి ఆయనకు పెళ్లి ఖర్చంటే చెట్లే గుర్తొచ్చాయి. 2011లో పెళ్లి కుదిరేసరికి చెట్లు పెరిగాయి గానీ చేవ పట్టలేదు, కొన్నిటి మాను నా రెండు చేతుల గుప్పిట్లో ఇమిడేంతే ఉంది. ధాన్యం డబ్బు, కొంత అప్పుతో పెళ్లి చేశాం. చెట్లు మాత్రం కొట్టనివ్వలేదు నాన్న. మరో ఎనిమిదేళ్లకు నేను ఇల్లు కట్టుకుంటే ఆ కలపే ద్వారబంధాలు, తలుపులు అయింది. చెల్లి వచ్చినప్పుడల్లా వీధి తలుపు మీద చెయ్యి వేసి ఒక్క నిమిషం అలా నిలబడుతుంది.

తర్వాత కెనడాలో కె.సి. అనే పేషెంటు గురించి చదివాక నాకు కొంత అర్థమైంది. 1981లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో మెదడు దెబ్బతిని, తన జీవితంలో జరిగిన ఒక్క సంఘటన కూడా గుర్తులేకుండా పోయిందతనికి. లోకజ్ఞానం ఉంది, మాట బాగుంది, చదరంగం కూడా ఆడగలడు. కానీ ఎండెల్ టుల్వింగ్ అనే శాస్త్రవేత్త రేపు ఏం చేస్తావని అడిగితే చెప్పలేకపోయాడు, నిన్నటి గురించి అడిగినా అదే శూన్యం. అంటే జరిగినవాటి ముక్కలతోనే మనం జరగబోయేదాన్ని కట్టుకుంటాం. ఆ ముక్కలు లేకపోతే రేపు కూడా లేదు. ఇది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

మన మాటల్లో కూడా ఇది ఉందనిపిస్తుంది. "ముందే చెప్పాను కదా" అంటే అయిపోయిన సంగతి, "ముందుముందు చూద్దాం" అంటే రాబోయేది, రెండిటికీ ఒకటే "ముందు". దక్షిణ అమెరికాలో ఐమారా భాష మాట్లాడేవాళ్లయితే గతం కళ్లెదుట ఉంటుందనీ, రాబోయేది వీపు వెనక ఉంటుందనీ అంటారట, చేత్తో చూపించేదీ అటే. చూసినదే కదా కనిపించేది, నాకది చాలా సబబుగా అనిపించింది.

కాబట్టి మీకు స్పష్టంగా కనిపించట్లేదని టెన్షన్ పడకండి. నాకూ కనిపించదు, అయినా ఏటా ఏప్రిల్ మొదటి వారంలో వెళ్లి ఖాతాలో డబ్బు కట్టి వస్తాను. పోయినసారి పాపను వెంట తీసుకెళ్లాను. 2038 అంకె చూపిస్తే, "అప్పుడు నువ్వెలా ఉంటావు నాన్నా?" అని అడిగింది, నేను ఏమీ చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి తనే బొమ్మ వేసింది. నాకు తెల్ల మీసం పెట్టింది, చొక్కా మాత్రం ఆ రోజు నేను వేసుకున్న గళ్ల చొక్కానే. పక్కన తను, నా మోకాలి ఎత్తులో.