ఎంఏ తెలుగులో చేరేముందు పుస్తకాల సంగతి చూసుకో

తల్లీ,

ఉస్మానియాలో చేరాలా, సెంట్రల్ యూనివర్సిటీలో చేరాలా అని అడిగావు. రెండూ మంచివే, ఎక్కడ సీటొస్తే అక్కడ చేరిపో. మనలా చూపులేనివాళ్లకీ వర్తించే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతానికి తగ్గకుండా వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వ సంస్థల్లోనూ, ప్రభుత్వ సాయంతో నడిచేవాటిలోనూ కనీసం 5 శాతం సీట్లు ఉంచాలి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌లో, దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీలో నీ పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నాయా లేదా ఈ వారంలోనే అమ్మచేత చూపించుకో.

అసలు కష్టం క్లాసులు మొదలయ్యాక పుస్తకాలతో వస్తుంది. నేను చదివే రోజుల్లో ఎవరైనా దయతలచి క్యాసెట్లో చదివి ఇస్తేనే పాఠం, ఇప్పుడు కంప్యూటర్ తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతోంది, తెలుగూ చదువుతుంది, కానీ తెలుగు పీడీఎఫ్‌లు చాలావరకు యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టినవి కాబట్టి చూసేవాళ్లకి చక్కటి తెలుగు కనిపిస్తుంటే నీకు మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు వినిపిస్తాయి. స్కాన్ చేసిన పుస్తకమైతే అసలేమీ వినిపించదు. కంగారుపడకు. ఆ ఫైల్‌ని కొన్ని కొన్ని పేజీలుగా విడగొట్టి, అను ఫాంట్లదైతే పేజీల్ని ఇమేజ్‌లుగా మార్చి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే ఎన్‌వీడీఏ చదవగలిగే యూనికోడ్‌ అక్షరాల్లోకి వస్తుంది. తప్పులుంటాయి, వత్తుల దగ్గర మరీను. వచనమైతే సందర్భాన్ని బట్టి పోల్చుకోవచ్చు, పద్యంలో ఒక్క వత్తు ఎగిరిపోతే ముందున్న గురువు లఘువైపోయి గణమే తప్పుతుంది, అప్పుడు ఛందస్సు పేపర్లో ఏం రాస్తావు? అందుకే పద్యాలు మాత్రం పద్యం చదవడం వచ్చినవాళ్లని పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూసుకో, వాళ్ల గొంతులో రికార్డు కూడా చేసుకో.

ఈ పని సెమిస్టర్ మధ్యలో అవదు. సీనియర్లని అడిగి సిలబస్ ఇప్పుడే తెచ్చుకో. చూపులేనివాళ్లు చదువుకోగలిగే పుస్తకాలుండే ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలో సభ్యత్వం తీసుకో. లైబ్రరీలో పుస్తకం మొత్తం స్కాన్ చేయకూడదంటే, చూపులేనివాళ్లు చదువుకోవడానికి వీలుగా కాపీ చేసుకోవచ్చని 2012లోనే కాపీరైట్ చట్టం మార్చారని మర్యాదగా చెప్పు, తగ్గకు.

నువ్వు చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే స్క్రైబ్‌ని పరీక్ష రోజు మొదటిసారి కలిసే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఎంత మంచివాళ్లయినా 'ద్విత్వం' అంటే ఎలా రాయాలని ఆగిపోతారు, నీ టైమంతా అక్కడే పోతుంది. గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి, అంటే మూడు గంటల పరీక్షకి ఇంకో గంట. నోటిమాటగా అడగొద్దు, అర్జీ రాసి ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్‌ విభాగంలో ఇచ్చి నీ కాపీ మీద స్టాంపు వేయించుకో.

తెల్లకర్రతో ఒంటరిగా తిరగడం ఇంకా అలవాటు కాలేదన్నావు కదా, బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పునరావాస విభాగం ఉంది, అక్కడ నేర్పిస్తారు, క్లాసులకి ముందే వెళ్లు. నాన్న రోజూ దింపుతానంటాడు, వద్దను.

సిలబస్ రాగానే వాట్సాప్‌లో పంపు. ప్రబంధాల పేపరుకి నేను సరిచేసి పెట్టుకున్న ఫైళ్లున్నాయి, పంపిస్తా.

పెద్దనాన్న