వంతు మాట ఎత్తలేదేం?

ప్రశ్న: మాది విజయనగరం. మావారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. అమెరికాలో అమ్మాయి దగ్గరున్నప్పుడు అల్లుడు మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్ నేషనల్ పార్క్ తిప్పాడు. అప్పట్నుంచి మావారికి అదే ధ్యాస. తిరిగొచ్చాక పాత టెంపో ట్రావెలర్ కొని మంచం, పొయ్యి, సింకు పెట్టించారు. లంబసింగిలో మా పక్కనే బండి ఆపిన కొల్హాపూర్ దంపతులతో మంచి స్నేహం కుదిరింది. పాలు తోడుపెట్టడానికి చెంచాడు పెరుగు అడిగిన ఆవిడ ఇప్పుడు నాకు సొంత అక్క కంటే ఎక్కువ. ఈసారి దసరా తర్వాత మంగళవారం మా ఊళ్లో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం చూడ్డానికి వాళ్లని రమ్మన్నాం. అయ్యాక అందరం కలిసి గుజరాత్‌లోని కచ్ వెళ్లాలని ప్లాన్. నరసన్నపేట నుంచి మరిది వాళ్లు అత్తగారిని తీసుకుని ఏటా పండక్కి మా ఇంటికే వస్తారు. ఈసారి తోడికోడలు "ఎవరో తెలీనోళ్ల మధ్యకి మేం రాం" అని తేల్చి చెప్పేసింది. ఆమెకు మొదట్నుంచీ అసూయే. ఓసారి మా బండెక్కి, సింకు దగ్గర కుళాయి తిప్పి, కట్టేసి, "మీకేటి అక్కా, తాళం తిప్పితే ఊరు దాటేస్తారు" అంది. అత్తగారు రెండేళ్లుగా వాళ్ల దగ్గరే ఉంటున్నారు. నెలనెలా ఎనిమిది వేలు పంపుతున్నాం. ఇప్పుడు ఎవరిని రావద్దనాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఎవరినీ రావద్దనక్కర్లేదమ్మా. కొల్హాపూర్ వాళ్లు వాళ్ల ఇంటిని వాళ్లే తెచ్చుకుంటున్నారు కదా. వాకిట్లో నీళ్ల పైపు, ఒక 15 ఆంప్స్ ప్లగ్గు ఇస్తే వాళ్ల పడక వాళ్లు చూసుకుంటారు. మంగళవారం ఊళ్లోకి బండి రావడం కష్టం కాబట్టి సోమవారం తొలేళ్ల ఉత్సవానికే వచ్చేయమనండి. మీరడిగిన దానికి ఇంతకు మించి చెప్పేదేమీ లేదు.

మీరు అడగనిది ఇంకోటుంది. మీ ఉత్తరంలో బండి గురించి ఉంది, పెరుగు గురించి ఉంది, అక్క కంటే ఎక్కువైన స్నేహితురాలి గురించి ఉంది. అత్తగారి గురించి మాత్రం చివర్లో ఒక్క ముక్క, అదీ ఎనిమిది వేలతో కలిపి. ఇద్దరు కొడుకులున్న ఇంట్లో తల్లి రెండేళ్లుగా చిన్నకొడుకు దగ్గరే ఉంటే పెద్దకోడలి వంతు ఏమైనట్టు? ఆరు నెలలో, మూడు నెలలో, ఏదో ఒక మాట అనుకునే ఉంటారు. బండి వచ్చాక ఆ మాట ఎవరూ ఎత్తి ఉండరు. మీరు ఎత్తరు, ఎందుకంటే మీకు హాయిగా ఉంది. మీ తోడికోడలు ఎత్తదు, ఎందుకంటే ఎత్తితే "ముసలావిడ బరువైందా" అని నలుగురూ అంటారు. నోటితో అనలేనిది ఆమె కొల్హాపూర్ వాళ్ల మీద పెట్టి అంది. ఆ దంపతుల మీద ఆమెకేం కోపం ఉంటుంది, వాళ్ల మొహమైనా చూడందే!

కుళాయి తిప్పి కట్టేసిందని రాశారు. దాన్ని మీరు అసూయ అన్నారు. నాకైతే అందులో ఇల్లు కదలడానికి వీల్లేని మనిషి కనిపించింది. రాత్రి రెండుసార్లు లేచి అత్తగారిని బాత్రూంకి నడిపించడం, తడిసిన దుప్పటి తెల్లారకుండానే ఉతికి ఆరేయడం, పుట్టింట్లో పెళ్లైనా పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయడం, పెద్దవాళ్లున్న ఏ ఇంటికెళ్లినా ఇదే వరస. మధ్యలో ఫోన్ తీస్తే ఫ్యామిలీ గ్రూపులో మీ ఫోటోలు ఉంటాయి. పోషణ బాధ్యత బిడ్డలదేనని 2007లో చట్టం కూడా వచ్చింది. నెలకింత అని డబ్బు ఇప్పించగలదు గానీ, అర్ధరాత్రి లేవడాన్ని చట్టం పంచలేదు. ఎనిమిది వేలు మందులకూ డైపర్లకూ సరిపోతాయేమో, వంతుకి సరిపోవు. ఈ విషయంలో నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది, ఏమనుకోకండి.

అలాగని బండి అమ్మేయమని నేను అనను. మీ వయసులో వంటింటి గడప దాటి లోకం చూడటం తప్పని ఎవరన్నా ఒప్పుకోను. లంబసింగి స్నేహం కూడా అబద్ధం కాదు. క్యాంప్‌గ్రౌండ్‌లో ఎదుటి మనిషి హోదా ఎవరికీ అక్కర్లేదు. బండి వాలితే చక్రం కింద పెట్టడానికి చెక్కముక్క ఇస్తారు, రాత్రికి నెగడు చుట్టూ చేరి కబుర్లాడతారు. అయితే ఒకటి గమనించండి. యెల్లోస్టోన్‌లో నిండు వేసవిలో క్యాంపు వేసుకుని 14 రోజులకు మించి ఉండనివ్వరు. మాటామాటా వచ్చేలోపే బండి కదులుతుంది. పైగా అక్కడ ఎవరి తల్లినీ ఎవరూ వంతులేసుకోరు. అందుకే ఆవిడ అక్కలా కనిపిస్తోంది, ఈమె అసూయపరురాలిలా కనిపిస్తోంది. ఈ రెండేళ్ల చాకిరీలో సగం మీ స్నేహితురాలి నెత్తిన పెట్టి చూడండి, ఆవిడ మాటలూ ఇంత తియ్యగా ఉండవు.

మరి మీవారి సంగతి? ఉత్తరం నిండా ఆయన కొన్నదీ, బిగించిందీ, నడిపిందీ ఉంది. ఆ తల్లి ఆయన తల్లి. "ఈ రెండేళ్లూ నీ మీద పడేశాం రా" అని తమ్ముడితో ఆయనే చెప్పాలి, ఫోన్లో కాదు. తోడికోడలితో మాట్లాడాల్సింది మీరు. అసూయ ఊసెత్తకండి, ఆ ఎనిమిది వేల ఊసు అసలే ఎత్తకండి.

దసరాకి ముందే ఇద్దరూ నరసన్నపేట వెళ్లండి, స్నేహితులు లేకుండా. అత్తగారిని మీతో తెచ్చుకోండి, సంక్రాంతి దాకా మీ వంతు. దారిలో ఆవిడ కాళ్లు చాపుకుని పడుకోవడానికి ఆ మంచం పనికొస్తుంది. సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగేదాకా ఆవిడ నిలబడలేరు, ఎవరో ఒకరు ఇంట్లో ఆవిడ దగ్గర ఉండాలి. ఈసారి ఆ ఎవరో మీరే అవ్వండి, మీ తోడికోడల్ని ఆ కొల్హాపూర్ ఆవిడతో గుడి దగ్గరి మూడులాంతర్ల కూడలికి పంపండి. కచ్ ప్రయాణం సంక్రాంతి తర్వాత పెట్టుకోండి, ఫిబ్రవరిలోనూ ఆ ఉప్పునేల తెల్లగానే ఉంటుంది. ఎందుకు వాయిదా వేశారో స్నేహితురాలికి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆవిడకీ అత్తగారు ఉండే ఉంటారు.

పండగ అయ్యాక బండి తాళం మీ మరిది చేతిలో పెట్టండి. పూరీ వెళ్తారో, అరకు వెళ్తారో వాళ్లిష్టం. ఆయనకు అంత బండి నడపడం రాకపోతే డ్రైవర్‌ని పెట్టండి, ఖర్చు మీదే. ఇచ్చేముందు గ్యాస్ ఎలా కట్టాలో, నీళ్లు ఎక్కడ నింపాలో, టాయిలెట్ ట్యాంకు ఎలా ఖాళీ చేయాలో మీవారు తమ్ముడికే దగ్గరుండి చూపించాలి. ఆ పని కూడా మీ తోడికోడలి మీద పడకూడదు.