పాదంలో విరిగిన ఎముకను ఒక్క స్క్రూ ఎలా పట్టి ఉంచుతుంది?

పాదం బయటి అంచున, చిటికెన వేలి వెనక ఉండే పొడవాటి ఎముకనే తీసుకుందాం. దాని మొదలు దగ్గర వచ్చే ఒక రకం విరుపును జోన్స్ ఫ్రాక్చర్ అంటారు. సర్జన్ రాబర్ట్ జోన్స్ డ్యాన్స్ చేస్తూ తన పాదానికే తగిలించుకున్న ఈ దెబ్బ గురించి 1902లో రాశారు. అక్కడ రక్తప్రసారం తక్కువ. పైగా అడుగు పడ్డప్పుడల్లా ఎముక వంగి చీలిక తెరుచుకుంటుంది. అందుకే అది అతుక్కోవడం కష్టం; ముక్కల్ని పట్టి ఉంచడానికి స్క్రూ వాడతారు.

స్క్రూను ఎముక లోపలి గొట్టంలోకి పొడవునా దింపుతారు. దానికి థ్రెడ్ (మర చుట్లు) కొస వైపే ఉంటుంది, తల వైపు నున్నటి కడ్డీ. థ్రెడ్ మొత్తం విరిగిన గీత దాటితేనే, తల బిగిస్తున్నకొద్దీ ముక్కలు దగ్గరికొస్తాయి. రెండు చుట్లు ఇవతల ఉండిపోయినా సందు అలాగే మిగిలిపోతుంది.

లావు చాలా ముఖ్యం. కడ్డీ వ్యాసం రెట్టింపైతే వంగకుండా నిలిచే బిగువు 16 రెట్లవుతుంది. అందుకే గొట్టంలో పట్టినంత లావుది, తరచూ 4.5 నుంచి 5.5 మి.మీ. మధ్య, ఎంచుకుంటారు. పొడవు మాత్రం మితిమీరకూడదు. ఎముక కాస్త వంపు, స్క్రూ తిన్నన. మరీ పొడవైతే ఆ వంపును సాగదీసి చీలికను తెరుస్తుంది.

ఎముక అతుక్కోకముందే నడిస్తే, పదేపదే వంగి వంగి స్క్రూయే విరగొచ్చు. డాక్టర్ చెప్పేదాకా ఆ కాలు మోపకండి.