ఏం వింటున్నారో చెప్పుకునే బైఠక్‌కి కొన్ని సూచనలు

చిరంజీవి శిరీషకు, మామయ్య ఆశీస్సులు.

తార్నాకలో మీ ఫ్లాట్‌లో నెలకో ఆదివారం ఆరుగురు కూర్చుని, ఎవరు ఏ ఆల్బమ్ వింటున్నారో ఒకరికొకరు వినిపించుకుంటామని రాశావు. మంచి పనే. కాకపోతే ఇలాంటి బైఠకులు మూడో నెలకే చప్పబడతాయి. "ఈ మధ్య ఇది వింటున్నా, అదిరిపోయింది" అని ఒకరంటారు, మిగతావాళ్లు తలూపుతారు, అక్కడితో సరి. ఇంటికెళ్లి వెతికితే దొరికింది అక్కడ విన్నదేనో కాదో తెలీదు.

అందుకని వచ్చే ప్రతివాళ్లనీ ఓ చీటీ రాసి తెమ్మను. ఆల్బమ్ పేరు, ఎవరిది, ఏ సంవత్సరం, దేనిమీద విన్నారు (ఎల్పీ రికార్డు, సీడీ, క్యాసెట్, యాప్), ఏ ముద్రణ (అదే ఆల్బమ్ మళ్లీ మళ్లీ విడుదలవుతుంది, వాటిలో ఏది అని). చివర్న ఆ ఆల్బమ్‌లోని ఒక చోటు: "రెండో పాటలో మూడో నిమిషం దగ్గర వయొలిన్లు ఒక్కసారిగా ఆగిపోతాయి" అన్నంత కచ్చితంగా. "సూపర్", "ఫీల్ గుడ్" అని రాసిన చీటీ వెనక్కిచ్చెయ్యి, మొహమాటపడకు.

ముద్రణ దగ్గర ఎందుకింత పట్టు అంటే, అమెరికా జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' సంగతి చూడు. 1959లో మొదటి రోజు రికార్డింగ్‌లో టేప్ యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. దాన్ని మామూలు వేగంతో వాయిస్తే మొదటి వైపున్న మూడు పాటలూ అసలు శ్రుతి కన్నా కొంచెం పైన పలుకుతాయి. 1992లో గానీ సరిచెయ్యలేదు. మీలో ఎవరైనా పాత ఎల్పీతో పాటు కీబోర్డ్ వాయించబోతే శ్రుతి కలవదు, తప్పు తమదేననుకుంటారు.

మన సినిమా పాటలది ఇంకో తిరకాసు. యాప్‌లో కనబడే సంవత్సరం చాలాసార్లు సినిమాది కాదు, పాట అక్కడికి ఎక్కించిన ఏడాది. కాబట్టి సంవత్సరం సినిమా విడుదలను బట్టి రాయండి: 'శంకరాభరణం' అంటే 1980. 78 వేగం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పాత రికార్డుల్లో ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లరే పట్టేది. అందుకే పెద్ద పాటను రెండు వైపులకూ పంచేవారు, లేదా చరణం తీసేసేవారు. సినిమాలో ఉన్న చరణం రికార్డులో లేకపోతే ఎవరో మింగేశారని కాదు. మోనోలో, అంటే ధ్వని అంతా ఒకే ధారగా, చేసిన పాటకు తర్వాత స్టీరియో తొడిగి, కొత్తగా ప్రతిధ్వని పూసినవీ తిరుగుతుంటాయి. గొంతు గదికి ఆ చివర్నుంచి వస్తున్నట్టుంటే అనుమానించి, ఇంకో ముద్రణ వెతకండి.

సమయం మనిషికి ఇరవై రెండు నిమిషాలు పెట్టు. సుమారుగా ఎల్పీ ఒక వైపు అంతే ఉంటుంది. ఆరుగురికి రెండుంపావు గంటలు, మాటలతో కలిపి మూడు. అంతకు మించితే చెవి అలిసిపోయి ఆఖరివాడి ఆల్బమ్‌కి అన్యాయం జరుగుతుంది. యాప్‌లో వినిపించేవాళ్లు కూడా అక్కడో పాట ఇక్కడో పాట ఏరకుండా వరసగా ఇరవై నిమిషాల ముక్క వినిపించాలి. కర్ణాటక కచేరీలో తాపీగా సాగే రాగం తానం పల్లవి తెచ్చినవాళ్లకి మాత్రం ఇద్దరి వంతు కలిపివ్వు, దాన్ని మధ్యలో కొయ్యడం పాపం.

ఫోన్‌లో షఫుల్, ఆటోప్లే, క్రాస్‌ఫేడ్ మూడూ ఆపాలి. క్రాస్‌ఫేడ్ ఉంటే ఒక పాట తోక మీద ఇంకో పాట తల పడుతుంది. ఆల్బమ్ ముందే డౌన్‌లోడ్ చేసి ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే ఆలాపన మధ్యలో వాట్సాప్ టింగుమంటుంది. బ్లూటూత్ వద్దు, వైరు వాడండి. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. కొనేటప్పుడు పిన్ను దగ్గర కాస్త కదిపి చూడు, ఒక వైపు మోత తెగిపోతే తీసుకోకు. పాటలన్నీ ఒకే మోతలో వినిపించేలా ధ్వనిని సమం చేసే సెట్టింగ్ మాత్రం ఉంచు. రెండు ముద్రణల్లో రవ్వంత గట్టిగా మోగేదే చెవికి మేలుగా తోస్తుంది, తీర్పు అక్కడే తప్పుతుంది.

మీ హాల్లో నున్నటి టైల్స్, ఖాళీ గోడలు. చప్పట్లు కొట్టి చూడు, గణగణమంటుంది. నేల మీద మందపాటి జంపఖానా పరిచి, కిటికీలకు పరదాలు లాగు. స్పీకర్లు గోడకి అడుగున్నర ఎడంగా, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో ఉండాలి. మూలల్లో పెడితే మృదంగం తొప్పి (ఎడమ వైపు మంద్రంగా మోగే భాగం) ఊదిపోతుంది.

ఎవరైనా రికార్డు ప్లేయర్ తెస్తే ముందు మట్టం చూసి, సూది రికార్డు మీద మోపే బరువు ఆ కార్ట్రిడ్జ్‌కి (సూదిని పట్టి ఉంచే ముక్కకి) చెప్పినంత పెట్టండి, చాలావాటికి రెండు గ్రాముల దగ్గర. తక్కువ పెడితే రికార్డు అరగదనేది భ్రమ; తేలికైన సూది గాడిలో ఎగిరెగిరి పడి ఎక్కువ పాడుచేస్తుంది. గుయ్‌మని మోత వస్తే ప్లేయర్ నుంచి వచ్చే సన్నటి ఎర్త్ తీగ యాంప్లిఫయర్‌కి బిగించలేదన్నమాట. దుమ్ము రికార్డుని బోరు నీళ్లతో కడక్కండి, ఉప్పు గాళ్లలో పేరుకుని చిటపటలాడుతుంది. డిస్టిల్డ్ వాటర్ వాడండి. 78 వేగం లక్క రికార్డుకి స్పిరిట్ అసలు తగలకూడదు, లక్క కరిగిపోతుంది.

మొదటి నెలకి నీ వంతుగా ఇళయరాజా 1986 నాటి 'హౌ టు నేమ్ ఇట్?' పెట్టు. మాటల్లేని సంగీతం, వి.ఎస్. నరసింహన్ వయొలిన్. కర్ణాటక సంగీతం వినేవాళ్లకీ, పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త బాఖ్‌ని వినేవాళ్లకీ అందులో పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది, మాట్లాడటం దానంతటదే మొదలవుతుంది. లేచేముందు చీటీలు మడిచి డబ్బాలో వేసి తలా ఒకటి తియ్యండి. వచ్చిన ఆల్బమ్‌ని మొత్తం విని రావాలి. వచ్చే నెల బైఠక్ వాళ్ల మాటతోనే మొదలవ్వాలి.

ఉంటాను,
మామయ్య

తా.క.: ఆ మూడు గంటలూ ఫ్యాన్ ఒకటో నంబర్‌లో పెట్టు. కుక్కర్ ముందే దింపేయమని అమ్మకి చెప్పు.