నీలం రంగు చూశాకే ఎక్కు

అమ్మలూ,

వచ్చే వారం నీ మొదటి సోలో అని, అంటే నువ్వొక్కదానివే విమానం నడుపుతావని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడి గొంతులో సంతోషం కంటే టెన్షనే ఎక్కువ వినిపించింది. విమానం నడపడం గురించి నీకు చెప్పేంతవాణ్ణి కాదు నేను. ముప్పై ఏళ్లు ఇంజన్లు విప్పి బిగించానంతే. ల్యాండింగులూ అవీ మీ ఇన్‌స్ట్రక్టర్ నేర్పుతారు. నేను పెట్రోలు సంగతి ఒక్కటే రాస్తాను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. ఇది మీ నాన్నకి కూడా ఇంతవరకు చెప్పలేదు.

అప్పటికి నేనింకా హెల్పర్నే. ఫ్లయింగ్ క్లబ్బు పేరు ఇప్పుడెందుకులే. రాత్రంతా వాన కురిసి తెల్లారేసరికి ఎండ కాసింది. సెస్నా 152 అనే చిన్న శిక్షణ విమానం ఒకటి బయటే నానింది. పెట్రోలు ట్యాంకులు రెక్కల్లోనే ఉంటాయి, నీళ్లు చేరితే బరువుకి అడుక్కి దిగుతాయి. అందుకే రెక్క కింద డ్రెయిన్‌కి, అంటే ట్యాంకు అడుగు నుంచి కాస్త బయటికి తీసే చిన్న కవాటానికి, గాజులాంటి కప్పు ఆనించి నొక్కాను, నిండింది. పైకెత్తి వెలుతురులో చూశాను. అడుగున బుడగ లేదు, మధ్యలో గీత లేదు, లేత నీలంగా శుభ్రంగా ఉంది. రెండో రెక్క దగ్గరా అంతే. "ఓకే సార్" అన్నాను.

ఆ కప్పులో ఉన్నదంతా నీళ్లే. నీళ్లూ పెట్రోలూ రెండూ ఉంటే కదా మధ్యలో గీత కనబడేది! నీలం అంటావా, కప్పు వెనకాల ఉన్నది వాన కడిగిన ఆకాశమాయె.

ఇంజన్ చక్కగా స్టార్టయింది. రన్‌వే దాకా నేల మీద నడిపినప్పుడు గొణగలేదు, ఎగిరే ముందు ఇంజన్ వేగం పెంచి చూసే రన్-అప్‌లో మాగ్నెటోలు (నిప్పురవ్వ పుట్టించేవి) సరిగ్గానే ఉన్నాయి. కార్బురేటర్ గిన్నెలో, గొట్టాల్లో ముందురోజు మిగిలిన మంచి పెట్రోలు ఉంది మరి. అది అయిపోయేసరికి విమానం నేల మీద లేదు. మూడొందల అడుగుల ఎత్తులో రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఆ ఇన్‌స్ట్రక్టర్ గారు రన్‌వే కోసం వెనక్కి తిప్పలేదు. ముక్కు దించి, ఎదురుగా ఉన్న వేరుశనగ చేలో దింపేశారు. ముందు చక్రం విరిగింది, ప్రొపెల్లర్ వంగింది. ఆయన మాత్రం ప్యాంటు దులుపుకుంటూ నడిచొచ్చారు. తర్వాత చూస్తే ట్యాంకు మూత కింద రబ్బరు రింగు ఎండిపోయి బీటలు వారి ఉంది. రాత్రి వానంతా అందులోంచే దిగింది.

అందుకని చెబుతున్నా, కప్పుని ఆకాశానికి పట్టి చూడకు. తెల్ల కాగితం ముందు పెట్టి చూడు. మీరు వాడే 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోలుకి నీలం రంగు కలుపుతారు, ఆ రంగు నీళ్లకి పట్టదు. కాగితం ముందు నీలం కనబడకపోతే అది ఏదైనా కావచ్చు, నీ పెట్రోలు మాత్రం కాదు. అనుమానం ఉంటే కాగితం మీద ఒక చుక్క వెయ్యి. పెట్రోలయితే చూస్తుండగానే ఆరిపోతుంది. నీళ్లయితే కాగితం మెత్తబడుతుంది. జిడ్డు మరక మిగిలితే జెట్ ఇంధనం, అంటే జెట్ విమానాలకి పోసే కిరోసిన్ లాంటిది, కలిసినట్టు. మేం అరచేతిలో పోసుకుని చూసేవాళ్లం, నువ్వు ఆ పని చెయ్యకు, అందులో సీసం ఉంటుంది.

రోజు మొదటి ఫ్లైట్‌కి ముందూ, పెట్రోలు పోయించిన ప్రతిసారీ చూడాలి. పోసిన వెంటనే కాదు, ఓ టీ తాగి రా, ఈలోపు నీళ్లుంటే అడుక్కి దిగుతాయి. రెక్కలు పట్టుకుని కాస్త ఊపితే మూలల్లో దాక్కున్నవి కూడా డ్రెయిన్ దగ్గరికి చేరతాయి. 152కి రెండు రెక్కలూ, ఇంజన్ దగ్గర స్ట్రెయినరూ (పెట్రోలు వడకట్టేది) చూస్తే సరిపోతుంది. రేపు సెస్నాలోనే కాస్త పెద్దదైన 172ఎస్ ఎక్కితే 13 చోట్ల ఇలా కప్పులోకి తీయాలి. పదమూడూ తియ్యి. వెనక ఎవరో తొందరపడుతుంటారు, పడనీ.

రాత్రి సగం ఖాళీ ట్యాంకులో గాలి చల్లబడి నీరు పడుతుందని పుస్తకాల్లో ఉంటుంది. నిజమే, సాయంత్రం నింపి పెట్టడం మంచిదే. కానీ నేను చూసిన నీళ్లలో చాలావరకు మూతల్లోంచి వచ్చినవే. వాన పడిన రాత్రి మర్నాడు మూత తీసి రింగుని వేలితో తడిమి చూడు.

పీపాల సంగతొకటి. 2022లో ఇండియన్ ఆయిల్ గుజరాత్ రిఫైనరీలో ఈ పెట్రోలు తయారీ మొదలుపెట్టేదాకా మనకిది విదేశాల నుంచే వచ్చేది. మేం పీపాల్లోంచి చేతిపంపుతో తోడేవాళ్లం. పీపా నిలబెట్టి ఉంచితే మూత చుట్టూ వాననీరు నిలుస్తుంది, రాత్రి చల్లబడ్డప్పుడు పీపా ఆ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. అందుకే పక్కకి పడుకోబెట్టాలి. తోడేటప్పుడు గొట్టం అడుగుకి తగలకూడదు. మీ క్లబ్బులో పీపాలుంటే ఎలా ఉంచారో ఓసారి వెళ్లి చూడు, ఎవరేమనుకున్నా సరే.

జెట్ ఇంధనం ఇంకా మోసకారి. పెట్రోల్లో కలిసిపోతుంది, గీత కనబడదు. కాసేపు ఇంజన్ నడుస్తుంది కూడా, టేకాఫ్ పవర్ దగ్గర సిలిండర్లలో పేలుళ్లు మొదలవుతాయి. అమెరికాలో శాన్ డియేగో దగ్గర బాబ్ హూవర్ అనే గొప్ప పైలట్‌కి ఇలాగే అయింది. కుర్రాడొకడు పిస్టన్ విమానంలో జెట్ ఇంధనం పోశాడు, లేచిన కాసేపటికి రెండు ఇంజన్లూ పోయాయి. విమానంలో ఉన్న ముగ్గురూ బతికారు. మర్నాడు తన ఇంకో విమానంలో ఆ కుర్రాడే పోయాలని హూవర్ పట్టుబట్టాడట. నన్నూ మా ఇన్‌స్ట్రక్టర్ గారు మర్నాడు అదే కప్పు చేతికిచ్చి పంపారు, అందుకే ఈ కథ నాకు మరీ ఇష్టం. ఇప్పుడు జెట్ ఇంధనం పోసే గొట్టం మూతి (నాజిల్) వెడల్పుగా చేస్తున్నారు, చిన్న ట్యాంకు నోట్లో పట్టదు. కానీ గరాటు పెట్టి పోస్తే ఆ అడ్డు ఎక్కడిది? పోసేటప్పుడు పక్కనే నిలబడు, బిల్లు మీద ఏం రాశారో చదువు.

ఇంత చూసుకున్నా ఇంజన్ ఆగితే, 152లో వేగం 60 నాట్లు (గంటకి సుమారు 111 కిలోమీటర్లు) పట్టుకో. ముక్కు దించు, ఎదురుగానే దిగు. మిగతాది మీ సార్ చెప్పినట్టు.

పార్సెల్లో నాలుగు తెల్ల అట్టలు పెట్టాను, జేబులో పట్టే సైజు. పెద్దమ్మ సున్నుండలు చేసింది. అట్టల్ని వేరే కవర్లో చుట్టాను, నెయ్యి మరక చూసి జెట్ ఇంధనం అనుకుని సోలో మానుకునేవు.

పెదనాన్న