పెళ్లి వీడియోకి కుదిరిన ధ్యాస లెక్కలకి ఎందుకు కుదరదు?

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతోంది. టెన్త్‌లో 600కి 540 దాటాయి, ఇప్పుడు వీక్లీ టెస్టుల్లో సగం మార్కులు కూడా రావడం లేదు. ఐడీ కార్డో, రికార్డో, నీళ్ల సీసానో రోజూ ఏదో ఒకటి పారేసుకుంటుంది. చేయలేక తనూ కుమిలిపోతోంది. సైకియాట్రిస్ట్‌కి చూపిస్తే పాత ప్రోగ్రెస్ కార్డులు కూడా అడిగి, ఏడీహెచ్‌డీ అనే ధ్యాస సమస్య, అందులో ధ్యాస నిలవని రకం అన్నారు. కానీ వాళ్ల పెద్దమ్మ కూతురి పెళ్లికి వీడియో ఎడిట్ చేయమంటే తెల్లవార్లూ కదలకుండా కూర్చుని చేసింది! మరి ఇది బద్ధకం కాదా? టెన్త్‌దాకా లేనిది ఇప్పుడెలా ఊడిపడింది? తన బలాలేంటి, ఇంటర్ తర్వాత ఏం చదివించాలి? మ్యాథ్స్ పేపర్ ఫోటోలు పంపుతున్నాను. ఎంపీసీ మాన్పించి ఏదైనా తేలిక కోర్సులో వేయాలా?

జవాబు: అమ్మా, మీ టెన్షన్ అంతా చివరి ప్రశ్న గురించే కాబట్టి దానికే ముందు చెబుతాను. ఎంపీసీ ఇప్పుడు మాన్పించకండి.

ఎందుకంటే మీరు పంపిన మ్యాథ్స్ పేపర్ ఫోటోలు చూశాను. ఏడు మార్కుల ప్రశ్నకి ఫార్ములా కరెక్టుగా రాసింది, మూడో లైన్‌కి వచ్చేసరికి మైనస్ గుర్తు మాయమైంది, అక్కడి నుంచి ఆ తప్పు సంఖ్యతోనే ఒక్క స్టెప్పు కూడా వదలకుండా చివరిదాకా చేసుకుంటూ పోయింది. ఇంకోచోట ప్రశ్నలో 3 ఉంటే 8 అని దించుకుంది. పెద్ద ప్రశ్నలు రెండు అసలు ముట్టుకోలేదు, అదే చాప్టర్ మీద వచ్చిన చిన్న ప్రశ్నలు మాత్రం చక్కగా చేసింది, అంటే టైమ్ చాల్లేదన్నమాట. లెక్కలు రాని పిల్ల పేపర్ ఇలా ఉండదు. సబ్జెక్టు మారిస్తే మైనస్ గుర్తులు బదులు ఇంకేవో జారిపోతాయి, అంతే.

ఇక పెళ్లి వీడియో సంగతి. నా దగ్గరికి వచ్చే అమ్మానాన్నల్లో చాలామంది ఈ మాటే అంటారు, ఇష్టమైనదానికి కూర్చుంటుంది కదా, చదువుకి ఎందుకు కూర్చోదు అని. ఏడీహెచ్‌డీలో ధ్యాస లేకపోవడం ఉండదు, దాన్ని కావలసిన చోటికి మళ్లించుకోవడం చేతకాదు. పని కొత్తగా ఉన్నా, ఇష్టంగా ఉన్నా, రేపే పెళ్లి అన్న తొందర ఉన్నా, చేసిన దాని ఫలితం వెంటనే కళ్లముందు కనబడినా ఆ ధ్యాస దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఎప్పుడో మే నెలలో రాసే ఎంట్రన్స్ కోసం ఈ రాత్రి త్రికోణమితి చేయాలంటే అందులో పై నాలుగింట్లో ఒక్కటీ లేదు. బద్ధకస్తుడు చేయకుండా హాయిగా ఉంటాడు. మీ పాప చేయలేక కుమిలిపోతోందని మీరే రాశారు.

టెన్త్‌దాకా లేనిది ఇప్పుడెలా ఊడిపడింది అనికూడా అడిగారు. ఊడిపడలేదు. ఈ నిర్ధారణకి లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి, ఇంట్లోనూ బళ్లోనూ రెండుచోట్లా కనబడాలి. ఈ రకానికి చెప్పిన తొమ్మిది లక్షణాల్లో 16 ఏళ్లదాకా ఆరు, 17 దాటితే ఐదు ఉండాలి. డాక్టర్‌గారు పాత ప్రోగ్రెస్ కార్డులు అడిగింది అందుకే. టెన్త్‌లో బ్యాగు సర్దింది మీరు, పక్కన కూర్చుని చదివించింది మీరు, రేపు స్లిప్ టెస్ట్ అని గుర్తుచేసింది కూడా మీరే. తెలివైన పిల్ల, పైగా ఆడపిల్ల, గోల చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే ఏ టీచరూ కంప్లయింట్ చేయరు. హాస్టల్‌కి వెళ్లాక మీ చేతుల మీద నడిచినదంతా ఒక్కసారిగా తన మీద పడింది. (అన్నట్టు, ఇది చాలావరకు వంశంలో నడిచేది. రోజూ బండి తాళాలు వెతుక్కునే మనిషి ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారేమో చూడండి, తిట్టడానికి కాదులెండి.)

మందు వాడాలా వద్దా అన్నది మీకూ డాక్టర్‌గారికీ మధ్య తేలాల్సిన విషయం, నేను వేలుపెట్టను. థైరాయిడ్, రక్తహీనత, చూపు, నిద్ర చూపించకపోయి ఉంటే ఒకసారి చూపించండి. ఊరి నుంచి మాటిమాటికీ వెళ్లడం కష్టమైతే, రోజువారీ ఆందోళనల గురించి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడొచ్చు.

ఇక్కడి నుంచి కొంచెం పాపకి ఇచ్చి చదవమనండి.

తల్లీ, రేపటినుంచి శ్రద్ధగా ఉంటాను అని నువ్వు ఇప్పటికే చాలాసార్లు ఒట్టు పెట్టుకుని ఉంటావు, అది పనిచేయదని నీకూ తెలుసు. గుర్తుపెట్టుకోవడం నీ బుర్ర పని కాదనుకో, దాన్ని గోడకీ కాగితానికీ అప్పగించెయ్. టేబుల్ మీద ముళ్ల గడియారం పెట్టుకో, ఫోన్‌లో టైమ్ చూడ్డానికి వెళ్తే ఇంకెక్కడో తేలతావు. చదువుతుంటే మధ్యలో రికార్డు సబ్మిట్ చేయాలనో, ఫ్రెండ్‌కి బుక్ ఇవ్వాలనో గుర్తొస్తుంది కదా, లేచి వెళ్లకు, పక్కన పెట్టుకున్న చిత్తుకాగితం మీద రెండు ముక్కలు రాసి మళ్లీ లెక్కలోకి వచ్చెయ్. నీకు అన్నిటికంటే కష్టం మొదలుపెట్టడం. అందుకని చాప్టర్ పూర్తిచేయాలి అనుకోకు, మొదటి లెక్క ప్రశ్నని నోట్సులోకి ఎక్కించడం వరకే అనుకో, ఎక్కించాక చెయ్యి దానంతటదే సాగుతుంది. ఇరవై ఐదు నిమిషాలు చేసి లేచి నాలుగు అడుగులు వెయ్యి. ఎదురుగా ఇంకో మనిషి తన పని తాను చేసుకుంటూ కూర్చుంటే నీ పని కూడా నడుస్తుంది, మాట్లాడుకోనక్కర్లేదు, రూమ్‌మేట్ చాలు. ఐడీ కార్డు, హాల్‌టికెట్ తలుపు పక్క కొక్కేనికే, ఇంకెక్కడా పెట్టకు. సార్ నోటితో చెప్పిన డేట్లు నీ చెవిలో నిలవవు, అరచేతి మీదైనా సరే అక్కడికక్కడే రాసుకో.

పరీక్షలో మాత్రం ఒక పద్ధతి పెట్టుకో. ఎంసెట్‌లో, అదే ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, నెగటివ్ మార్కులు లేవు. మొదటి రౌండ్‌లో చూడగానే వచ్చేవి చేసుకుంటూ పో, ఒకే ప్రశ్న దగ్గర మూడు నిమిషాలు కూరుకుపోవడమే నీకు పెద్ద గండం. చివర్లో ఏదీ ఖాళీ వదలకు. కింది వాటిలో సరికానిది ఏది అని అడిగినప్పుడు స్క్రీన్ మీద గీత గీయలేవు, రఫ్ పేపర్ మీద పెద్దగా 'కాదు' అని రాసుకుని ఆప్షన్లు చూడు. బోర్డు పరీక్షలో చివరి పది నిమిషాలు కొత్త ప్రశ్న ముట్టుకోవద్దు, గుర్తులు, దించుకున్న అంకెలు, ప్రశ్న నంబర్లు, ఈ మూడే చూడు. నీ పేపర్లో పోయిన మార్కుల్లో బోలెడు అక్కడే ఉన్నాయి.

మళ్లీ మీతో అమ్మా. హాస్టల్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వేళకి లేవడం, వేళకి తినడం ఈ పిల్లలకి మేలే, కానీ రాత్రి మూడు గంటలు మెడ తిప్పకుండా కూర్చోవాలనే స్టడీ అవర్స్ వీళ్లకి శిక్షే, పుస్తకం తెరిచి ఉంటుంది, పాప అందులో ఉండదు. సెకండియర్‌కి డే స్కాలర్‌గా మార్చే వీలుంటే మార్చండి. ఇంట్లో ఉన్నప్పుడు ఒకేసారి మూడు పనులు చెప్పకండి, ఒకటి చెప్పి అయ్యాక ఇంకోటి. పాలు పొంగిపోతే స్టవ్ తుడిపించండి, కానీ పదో క్లాసునుంచి చరిత్ర తవ్వకండి.

ఇంటర్ తర్వాత? ఏడీహెచ్‌డీకి తగిన కోర్సు అంటూ ఏదీ లేదు, అలా జాబితాలు ఇచ్చేవాళ్లని నమ్మొద్దు. కోర్సు పేరు వదిలేసి, ఆ పనిలో మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో వాకబు చేయండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే తీసుకోండి, రోజూ పొద్దున టీమంతా కలిసి ఈ రోజు ఎవరేం చేస్తారో చెప్పుకునే చోట మీ పాప దూసుకుపోవచ్చు, ఇంటినుంచి ఒంటరిగా ఆరు నెలల ప్రాజెక్టు చేయమంటే మునిగిపోవచ్చు. గడువు బయటి నుంచి రావడం, చేసింది మంచో చెడో త్వరగా తెలియడం, పనిలో మార్పు ఉండడం, ఈ మూడూ ఉన్న చోట వీళ్లు బాగా రాణిస్తారు. అడిగేవాడు లేకుండా ఏళ్ల తరబడి గదిలో కూర్చునే గ్రూప్స్, సివిల్స్ ప్రిపరేషన్‌ని మాత్రం డిగ్రీ అవ్వగానే నెత్తికెత్తుకోవద్దని చెబుతాను.

పాప బలాలు అడిగారు. వీడియోలో పెళ్లికూతురు వాళ్ల తాతగారి పాత ఫోటోని, ఇప్పటి నవ్వుని పక్కపక్కన పెట్టిందని రాశారు చూడండి, ఎవరికీ తట్టని రెండిటిని కలపడం ఒక బలం. నచ్చిన పనిలో లోతుకి వెళ్లడం ఇంకోటి. అయితే ఇదేదో వరమని పొంగిపోకండి, ఇదే పిల్ల ఆ రాత్రి అన్నం తినలేదు, మర్నాడు టెస్ట్ పోగొట్టుకుంది. పైగా వీళ్లకి కొత్త మోజు త్వరగా తీరుతుంది. అందుకని ఒక్క వీడియో చూసి డిజైన్‌లో చేర్చేయకండి. వేసవి సెలవుల్లో ఇంకెవరి ఫంక్షన్‌దో గడువు పెట్టి ఇప్పించండి. విసుగు పుట్టించే భాగం, అంటే క్లిప్పులకి పేర్లు పెట్టడం, సౌండ్ సరిచేయడం, బంధువులు చెప్పిన మార్పులు మళ్లీ మళ్లీ చేయడం కూడా చేస్తే అది నిలిచే ఇష్టం. అప్పుడు నిఫ్ట్, ఎన్ఐడీ, యూసీడ్ అనే డిజైన్ ఎంట్రన్స్‌లు, హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూ కోర్సులు చూద్దాం, వీటికి ఎంపీసీ అడ్డు కాదు, ఇంజనీరింగ్ దారి కూడా తెరిచే ఉంటుంది.

ఒక్క కాగితం పని. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు, కాబట్టి దీని ఒక్కదాని మీద పరీక్షలో అదనపు సమయం వస్తుందని ఆశపెట్టుకోవద్దు. నిర్దిష్ట అభ్యసన వైకల్యం, అంటే తెలివి ఉన్నా చదవడంలోనో, రాయడంలోనో, లెక్కల్లోనో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది మాత్రం అందులో ఉంది, ఏడీహెచ్‌డీతో పాటు అదీ ఉండే పిల్లలు తక్కువేం కాదు. అంకెలు తప్పుగా దించుకుంటోందని డాక్టర్‌గారికి చెప్పి, ఆ పరీక్ష కూడా చేయించమనండి. సెకండియర్ ఫీజు కట్టేలోపు రిపోర్టు వచ్చేలా చూసుకోండి, హాస్టలా ఇల్లా అన్నది దాన్ని చేతిలో పెట్టుకుని పాపతో కలిసి మాట్లాడదాం.