పోకెమాన్‌లో నిప్పు, నీరు ఒకే ఒంట్లో ఎలా ఇముడుతాయి?

ఫైర్‌కి వాటర్ అంటే పడదు కదా, మరి వాల్కేనియన్ అనే పోకెమాన్ జీవికి ఆ రెండు టైపులూ (ఏ దెబ్బ ఎంత తగలాలో తేల్చే వర్గాలు) ఎలా ఉన్నాయని అడిగారు. ఆటకి కావాల్సింది గుణకారమే. దెబ్బ ప్రభావాన్ని ఒక్కో టైపుపై విడిగా లెక్కేసి గుణిస్తారు. వాటర్ దెబ్బ ఫైర్ మీద 2 రెట్లు, వాటర్ మీద సగం. వెరసి మామూలు దెబ్బే. పైగా దీనికున్న వాటర్ అబ్జార్బ్ శక్తి వల్ల ఆ దెబ్బ తగలకపోగా ఆరోగ్యం పెరుగుతుంది! ఎలక్ట్రిక్, గ్రౌండ్, రాక్ మాత్రం గట్టిగా తగులుతాయి. ఆవిరి ఇంజన్‌లాంటి జీవి అనుకోండి, దాని సొంత దాడి పేరు కూడా స్టీమ్ ఎరప్షనే.

నన్నడిగితే ఇంతకన్నా తమాషా జోడీ ఘోస్ట్, డార్క్. ఘోస్ట్ టైపు భయపడే ఘోస్ట్, డార్క్ దెబ్బల్ని డార్క్ టైపు సగం చేస్తుంది. డార్క్ భయపడే ఫైటింగ్ దెబ్బ ఘోస్ట్‌కి అసలు తగలదు, బగ్ దెబ్బ సగమే. అందుకే ఈ రెండు టైపులూ ఉన్న సేబుల్‌ఐ, స్పిరిటూంబ్‌లకు ఏళ్ల తరబడి టైపుల పరంగా బలహీనతే లేదు. 2013లో ఎక్స్, వై ఆటలతో డార్క్‌ని గట్టిగా కొట్టే ఫెయిరీ టైపు వచ్చి ఆ ధీమా పోగొట్టింది.

షెడింజా (బగ్, ఘోస్ట్) మరీ విడ్డూరం: ప్రాణం 1 పాయింటే, కానీ తన బలహీనతకి తగ్గ దాడి అయితేనే తగులుతుంది. విషం, వడగళ్లు మాత్రం ఆ రూల్‌ని పట్టించుకోవు.